మామగారి ఊపిరి

ముసలి వాహితూ ఆఖరి ఊపిరి కొడుకు నోట్లోకి పోవలసింది, కోడలి నోట్లోకి పోయింది. తాకుఫారా దీవిలో ఇంతకంటే పెద్ద పొరపాటు జరిగినట్టు ఎవరికీ గుర్తు లేదు.

అక్కడ సముద్రం మీద దారి తెలిసిన మనిషి పోయేటప్పుడు తన చివరి ఊపిరిని వారసుడి నోట్లోకి ఊది మరీ పోతాడు. చుక్కల పేర్లు, అలల నడకలు, పక్షులు ఏ వేళకి ఎటు పోతాయో, ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయి. ఎన్ని నేర్చినా ఆ ఊపిరి లేనివాడు తెడ్డు పట్టిన మనిషే తప్ప దారి తెలిసిన మనిషి కాడు. ఊపిరి ఉన్నవాడు ఎక్కకుండా పెద్ద పడవ పగడపు గట్టు దాటదు. దాటి, అవతలి దీవి గట్టు దగ్గర ఆగినప్పుడు ఒడ్డునున్న వాళ్ళు ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు. “ఎవరి ఊపిరితో వచ్చారు?” అప్పుడు పడవ ముందు నిలబడి, గొంతెత్తి పేరు చెప్పాలి. చెప్పలేకపోతే దారి తప్పి కొట్టుకొచ్చిన వాళ్ళ కింద లెక్క. కొట్టుకొచ్చిన వాళ్ళకి తిండి పెడతారు, నీళ్ళిస్తారు, అయ్యో అంటారు. పడవ మాత్రం ఒడ్డువాళ్ళదైపోతుంది.

వాహితూ కొడుకు మాహోరు ఆ జవాబు చెప్పడం చిన్నప్పుడే సాధన చేశాడు. ఎవరూ లేనప్పుడు మడుగు ఒడ్డున నిలబడి, ఎదుట ఏదో దీవి ఉన్నట్టు ఊహించుకుని, “మాహోరు ఊపిరితో!” అని అరిచేవాడు. పీతలు బెదిరి బొరియల్లోకి దూరేవి. పెద్దయ్యాక అరవడం మానేశాడు గాని మనసులో ఆ అరుపు ఆగలేదు. తండ్రి దగ్గర చుక్కలు నేర్చాడు. పడవ అడుగున వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, వీపుతో అలల్ని గుర్తుపట్టడం నేర్చాడు. గడ్డం నెరిసేదాకా నేర్చాడు. ఇక మిగిలింది ఊపిరి ఒక్కటే.

వాహితూ చూపు పోయి చాప పట్టినప్పుడు మాహోరు పక్కనుంచి కదల్లేదు. తిండి కూడా అక్కడే. సరిగ్గా అప్పుడు తుఫాను వచ్చింది. సముద్రం గట్టు మీదుగా ఎగిరి ఊళ్ళోకి నడిచొచ్చింది. పెద్ద పడవ ఉన్న పాక కప్పు ఎగిరిపోయింది. ఆ పడవ చిన్న చిన్న చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసింది. పెద్ద చెట్లు లేని ఆ దీవిలో దాన్ని మళ్ళీ చెయ్యాలంటే ఒక తరం పడుతుంది. పడవ పోతే దీవి నోరు నొక్కేసినట్టే. మాహోరు తండ్రి ముఖం చూశాడు, బయట కేకలు విన్నాడు. “ఒక్క నిమిషం చూస్తూ ఉండు” అని పెళ్ళానికి చెప్పి, పడవని కొబ్బరి మొదళ్ళకి కట్టడానికి పరుగెత్తాడు.

ఆ తర్వాత జరిగింది తేవాయి ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్పింది. మామగారు ఉన్నట్టుండి చేతులు చాచి గాలిలో వెతికాడు. ఆమె లేపి కూర్చోబెట్టింది. ఆయన రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకున్నాడు. గాలి హోరులో ఏదో అన్నాడు. వినబడక ఆమె వంగింది. అంతే. ఆయన నోరు ఆమె నోటిని మూసేసింది. వేడిగా ఒక ఊపిరి వచ్చింది, ఇంకొకటి రాలేదు.

ఏం జరిగిందో తేవాయికి అప్పుడు అర్థమైంది. ఇది తనది కాదు. ఇది మొగుడికి చేరవలసింది. ఆమె రెండు బుగ్గలూ బూరెల్లా పొంగించి, నోరు బిగించి, ముక్కు చేత్తో మూసుకుని, ఆ తుఫానులో పడవ దగ్గరికి పరుగు తీసింది. సగం దారిలో గాలికి ఒక కొబ్బరి గెల వచ్చి కాళ్ళ ముందు పడింది. “అమ్మో!” అంది.

గాలి వెలిశాక పెద్దలు కూర్చున్నారు. ఊపిరి ఆ “అమ్మో”తో బయటికి పోయిందా, లోపలే ఉందా అన్నది ప్రశ్న. పోయిందన్నారు కొందరు. సగం పోయిందన్నారు ఇంకొందరు. చివరికి వాహితూ తమ్ముడు పునూవా గొంతు సవరించుకున్నాడు.

“బయటికి పోయుంటే ఎవరికి చేరేది? గాలికి. అవునా? మా అన్న ఊపిరి చేరాక గాలికి దారి తెలిసిపోయి తన దారిన తను పోవాలి కదా. పోయిందా? తెల్లార్లూ మన చుట్టూనే పిచ్చికుక్కలా తిరిగింది. కాబట్టి ఊపిరి పిల్లలోనే ఉంది.”

చివరికి ఆ మాటే ఖాయమైంది. ఒకసారి చేరిన ఊపిరి మళ్ళీ బయటపడేది ఆ మనిషి పోయేటప్పుడే. కాబట్టి మాహోరుకి అది కావాలంటే పెళ్ళాం పోయేదాకా ఆగాలి. అందరూ మాహోరు వైపు చూశారు, అంతే.

తేవాయి సంగతి కూడా చెప్పాలి. ఆమెది కొండల దీవి. వాగు పక్క లోయలో పుట్టింది. సముద్రం అంటే ఆమెకి కొండ మీదనుంచి చూసే నీలం రంగు. పెళ్ళయి ఈ పడవలోనే వచ్చింది, వచ్చినంత దూరమూ కక్కుతూనే వచ్చింది. “మా వదిన వచ్చిన దారి చేపలనడిగితే చెబుతాయి” అని మాహోరు తమ్ముడు కేహా ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఒడ్డున కాలు పెట్టిన రోజున, మళ్ళీ పడవ ఎక్కితే నా పేరు మార్చండి అని ఆమె ఒట్టేసుకుంది. అలాంటి మనిషి కడుపులో ఇప్పుడు దీవి మొత్తానికి ఉన్న ఒక్క దారీ ఉంది.

మాహోరు తండ్రి కోసం ఏడవలేదు. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చి కూర్చుంది. వాళ్ళలో మనిషికి మనిషి ఎదురైతే ముక్కూ ముక్కూ ఆనించి ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటారు. మొగుడూ పెళ్ళాలు లేస్తూనే చేసే పని అది. ఆ రోజునుంచి మాహోరు తేవాయి ముక్కుకి ముక్కు ఆనించలేదు. అటు తిరిగి పడుకునేవాడు. ఆమె కొన్నాళ్ళు ఎదురుచూసి, తనూ ఇటు తిరిగింది.

తుఫాను చేమదుంపలు పండే గుంటల్లో ఉప్పునీళ్ళు నింపి పోయింది. ఆకులు ముందు పసుపయ్యాయి, తర్వాత నల్లబడ్డాయి. చేపలుంటాయి, కొబ్బరి ఉంటుంది, కాని పిల్లలకీ ముసలివాళ్ళకీ చేమ లేకపోతే గడవదు. గుంటలు కడిగి కొత్త పిలకలు నాటాలి. పిలకలు దక్షిణాన హివారేకా దీవిలో ఉన్నాయి. కాబట్టి పడవ పోవాలి, పడవతో పాటు ఊపిరీ పోవాలి.

“నేను ఎక్కను” అంది తేవాయి.

“నువ్వు ఎక్కనక్కర్లేదు వదినా, నీ ఊపిరి ఎక్కితే చాలు” అన్నాడు కేహా. “దాన్ని ఇక్కడ పెట్టి నువ్వు ఇంటికి పో.”

“నీ నోట్లో పీత పడ!”

మాహోరు ఆమె వైపు చూడకుండా తాళ్ళు బిగిస్తూ అన్నాడు. “పిల్లలు మొన్నటినుంచి కొబ్బరి పిప్పి నములుతున్నారు.”

తేవాయి చాప చుట్టుకుని, ముఖం మాడ్చుకుని వచ్చి పడవలో కూర్చుంది.

నలుగురు బయలుదేరారు. మాహోరు చుక్కాని తెడ్డు దగ్గర, కేహా తెరచాప దగ్గర, పునూవా ఎండు చేపల బుట్ట దగ్గర, తేవాయి పడవ పొట్టలో. అది జంట పడవ. రెండింటినీ కలుపుతూ మధ్యలో పలకల అరుగు, దాని మీద మొగలి ఆకు చాపతో కుట్టిన తెరచాప. కుట్టు పడవలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. అడుగున ఉన్నవాళ్ళు చెక్క దొప్పతో తోడుతూనే ఉండాలి. తేవాయి ఒక దొప్ప నీళ్ళు బయట పోసేది, వెంటనే తల బయట పెట్టి కడుపులోది పోసేది.

“రెండూ ఒకే చేత్తో కానిస్తోంది, పనిమంతురాలు” అన్నాడు కేహా.

మొదటి రాత్రి ఆకాశం తేటగా ఉంది. మాహోరుకి ఏ ఊపిరీ అవసరం పడలేదు. తండ్రి చూపించిన చుక్కలు ఒకదాని వెనక ఒకటి, అదే చోట, అదే వరసలో సముద్రంలోకి దిగాయి. ఒక చుక్క మునగగానే రెండోది వచ్చి ఆ చోట నిలబడేది. ఇన్ని నీళ్ళ మధ్య, ఇంత చీకట్లో, ఎవరో తన కోసం దీపాలు పట్టుకుని నిలుచున్నట్టుంటుంది. ఎన్నిసార్లు చూసినా మాహోరుకి అది మామూలు సంగతి కాలేదు. ఆ రాత్రి కూడా ఒళ్ళు జలదరించింది. పక్కన ఉండి “చూశావా?” అనే మనిషి లేడన్న సంగతి మాత్రం మధ్యమధ్యలో ముల్లులా గుచ్చుకునేది.

పొద్దున తేవాయి పడవ అంచుకి వేలాడుతూ అడిగింది. “ఏమయ్యా, ఇక్కడ అలలు రెండు రకాలా?”

“ఎందుకు?”

“పక్కనుంచి వచ్చి కుదిపేదొకటుంది. అది నన్నేం చెయ్యట్లేదు. కిందనుంచి మెల్లగా ఎత్తి, ఎత్తి, వదిలేస్తుందే ఇంకోటి, అదీ నా పేగులు తోడేస్తోంది.”

“పక్కనుంచి వచ్చేది పెద్దక్క. తూర్పుది. గాలితో పాటు నడుస్తుంది, అందరికీ కనబడుతుంది. ఆ రెండోది చెల్లెలు. దక్షిణాన ఎక్కడో చలి నీళ్ళలో పుట్టి వస్తుంది. కంటికి కనబడదు. అది రాత్రీ పగలూ ఆగదు.”

“దాన్ని కన్నవాళ్ళని తగలెయ్య” అని తేవాయి మళ్ళీ తల బయటికి పెట్టింది.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. తర్వాత చుక్కలు లేవు, సూర్యుడు లేడు. గాలి ఒకసారి పడిపోయేది, ఒకసారి నాలుగు వైపులనుంచి జల్లుతో వచ్చి తెరచాపని చెంపదెబ్బలు కొట్టేది. నీళ్ళు కలత పడ్డాయి. చిన్న అలలు పెద్ద అలల మీద ఎక్కి గోల చేస్తున్నాయి. మాహోరు అడుగున పడుకుని చూశాడు. తెడ్డు దగ్గరికి వచ్చి చూశాడు. కళ్ళు మూసి చూశాడు, తెరిచి చూశాడు. నిద్ర లేక ఒళ్ళంతా మొద్దుబారింది. పెద్దక్క ఉందనిపించేది, కాసేపటికి అది పెద్దక్క కాదు, నిన్నటి జల్లు లేపిన అల అనిపించేది. పడవ పడమటికి జరిగిపోయిందని లోపలెక్కడో అనుమానం. ఎంత జరిగింది? హివారేకా నీటికి బెత్తెడు ఎత్తున ఉండే దీవి. పక్కనుంచి దాటిపోయినా కనబడదు. దాటిపోతే ఆ తర్వాత చలి నీళ్ళే.

‘ఊపిరుంటే తెలిసేది’ అనుకున్నాడు మాహోరు. ఆ మాట అనుకున్నాక తనకి తెలిసినవి కూడా ఒక్కొక్కటే జారిపోయాయి.

మబ్బు కమ్మిన రెండో రోజుకి కూడా అది విడవలేదు. తేవాయి దొప్ప పట్టుకోవడం మానేసింది. కడుపులో ఏమీ మిగల్లేదు, నీళ్ళు పోస్తే నీళ్ళే తిరిగొస్తున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు ఉప్పుకి పగిలాయి. కేహా జోకులు మానేసి ఆమె వంతు కూడా తోడుతున్నాడు.

“ఏమయ్యా” అంది ఆమె. గొంతు పీలగా వచ్చింది. “ఇలా రా.”

మాహోరు దిగి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“నేను పోతున్నాననుకుంటా. వంగు. నీది నువ్వు తీసేసుకో.”

అరుగు మీదనుంచి పునూవా గబగబా తల దించాడు. “పిల్ల సరిగ్గా చెప్పింది. వంగరా. ఉన్నట్టుండి పోయిందనుకో, ఈసారి నిజంగానే గాలి పాలే. నీకు దారి తెలియట్లేదని నాకు తెలుసు, నువ్వు తెడ్డు పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. ఊపిరి తీసుకుంటే ఒక్కరు పోతారు. లేకపోతే నలుగురం. ఒడ్డున పిల్లలున్నారు.”

“చిన్నాన్నా, నోరు ముయ్యి” అన్నాడు కేహా.

మాహోరు వంగాడు. తేవాయి నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. జీవితమంతా ఎదురుచూసింది జానెడు దూరంలో ఉంది, దానంతటదే తీసుకోమంటోంది. అతనికి కావాలనిపించింది. అబద్ధమెందుకు, చాలా కావాలనిపించింది. మడుగు ఒడ్డున పీతల్ని బెదరగొట్టిన పిల్లాడు లోపల లేచి నిలబడ్డాడు. ఇక్కడ వంగి తీసుకుంటే చాలు. తీసుకున్నాడంటే మాత్రం ఆమె పోయినట్టే. ఇంక బతకక్కర్లేదని ఆమెకి తను చెప్పినట్టే.

అతను అరచేత్తో ఆమె నోరు మూశాడు.

“మూసుకో. నోరు మూసుకుని ముక్కుతో పీల్చు. పీల్చు, పిచ్చిమొహమా. నాన్న ఎవరికిచ్చాడో వాళ్ళ దగ్గరే ఉండనీ.”

“దారి...” అంది వేళ్ళ సందుల్లోంచి.

“దారి లేకపోతే పోయింది. నువ్వు పో, నేను తీసుకుంటాను అంటాననుకున్నావా? నేనంత దొంగవెధవలా కనబడుతున్నానా?”

అతను మిగిలిన లేత కొబ్బరికాయ కొట్టి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, వేలితో ముంచి ఒక్కొక్క చుక్కే పెదాల మీద వేశాడు. తెడ్డు కేహాకి ఇచ్చేశాడు. “ఎటు పట్టను?” అని కేహా అడిగితే, “ఉన్నట్టే పట్టు” అన్నాడు. పునూవా గొణుక్కుంటూ అటు తిరిగాడు. తేవాయి కళ్ళు మూతపడ్డాయి. మాహోరు ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి, వెచ్చగా తగులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు. సముద్రం గురించి ఆలోచించడమే మానేశాడు.

ఎంతసేపయిందో తెలియదు. తేవాయి కళ్ళు తెరిచింది.

“ఎండు చేప ఉందా?” అంది.

పునూవాకి ఇది తెలిసిన లక్షణమే. పోయేవాళ్ళు చివర్లో తిండి అడుగుతారు. ఆయన తల మీద చేతులు పెట్టుకుని, సముద్రంలో పోయినవాళ్ళ కోసం పాడే ఏడుపు పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయ్యేదాకా తేవాయి విన్నది.

“ఎవరు పోయారు?”

“నువ్వేనమ్మా” అన్నాడు పునూవా, ఏడుపు మధ్యలో.

“నాకు ఆకలేస్తోంది మామయ్యా. ఆ పాట ఆపి చేపియ్యి.” ఆమె మోచేతి మీద లేచింది. “ఆ ఎత్తి వదిలేసేది ఆగింది కదా. ఇప్పుడు బాగానే ఉంది.”

“ఏది ఆగింది?” అన్నాడు మాహోరు.

“అదే. నీ చెల్లెలు.”

మాహోరు ఆమె పక్కనే, ఊరిన నీళ్ళలో, వెల్లకిలా పడుకున్నాడు. కళ్ళు మూశాడు. చిన్న అలల గోల వినబడింది. దాన్ని వదిలేశాడు. పక్కనుంచి పెద్దక్క వచ్చింది, భుజం తోసి పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. దాని కింద ఇంకొకటుండాలి. మెల్లగా, పొడుగ్గా, పడవని మొత్తంగా ఎత్తి దించేది. అతను ఎదురుచూశాడు. పెద్దక్క మళ్ళీ వచ్చింది. కింద ఏమీ లేదు.

లేదు. అలసిన ఒళ్ళు చేసే మోసం కాదది, నిజంగానే లేదు. తను పుట్టకముందునుంచీ, తాత పుట్టకముందునుంచీ, ఒక్క పూట కూడా ఆగని అల అది. గాలి చెప్పినా వినదు, తుఫాను చెప్పినా వినదు. అది ఆగిందంటే దానికి అడ్డంగా నేల నిలబడి ఉంది. ఎక్కడో కంటికందని దూరంలో, నీటికి బెత్తెడెత్తు కూడా లేని ఇసకా పగడమూ ఆ అంతులేని సముద్రానికి చెయ్యి అడ్డం పెట్టాయి. ఆ చేతి నీడలోకి తమ పడవ వచ్చింది. నీడలో వాళ్ళు ఎంతసేపటినుంచి ఉన్నారో, చేపలకి తెలిసినంత కూడా తనకి తెలియలేదు. పడుకున్న మాహోరు నోరు తెరుచుకునే ఉండిపోయాడు. నాన్న చెప్పినప్పుడు ఇది ఒక పాఠం. ఇప్పుడు వీపు కింద ఉంది.

“కేహా!” అని అరిచాడు. “దీవి నీడలో ఉన్నాం! మనకి ఎదురుగానే ఉంది, దక్షిణాన! నేరుగా పట్టు! నీడ దాటనివ్వకు!”

“దాటితే ఎలా తెలుస్తుంది?”

“నీ వదిన చెబుతుంది.”

ఆ పూట వాళ్ళు పడవ నడిపిన తీరు ఇంకే పడవా నడిచి ఉండదు. తేవాయి మధ్యలో కూర్చుని ఎండు చేప నములుతోంది. ముగ్గురు మగాళ్ళు ఆమె ముఖంలోకి చూస్తున్నారు.

“వదినా, కడుపెలా ఉంది?”

“బాగుంది.”

“ఇప్పుడు?”

“కాస్త తిప్పుతోంది. ఊ, లేచింది, వచ్చేసింది...”

“ఎడమకి!” అని మాహోరు అరిచేవాడు. పడవ తిరిగేది. కాసేపటికి ఆమె ముఖం తేటపడేది, చేప మళ్ళీ నోటికి పోయేది. పడమటికి జరిగారన్న అతని అనుమానం నిజమే. కుడివైపు జరిగిన ప్రతిసారీ ఆమె కడుపు తిరగబడుతోంది. పడమటి అంచు ఎక్కడో తెలిశాక మాహోరుకి జారిపోయినవన్నీ తిరిగొచ్చాయి. గాలి ఎటు, పడవ ఎంత జరుగుతోంది, దీవి ఎంత వెడల్పు, అన్నీ ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టు. ఆమెకి తెలుస్తోంది, అతనికి అర్థమవుతోంది. ఇద్దరి మధ్యా ఒక్క మనిషి తయారయ్యాడు.

సూర్యుడు పడమటికి వాలుతుండగా మబ్బు పలచబడింది. ముందు ఒక చీలిక, తర్వాత ఎండ. దూరాన నీళ్ళ అంచున మబ్బుల వరస ఒకటి మిగిలింది. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్కదాని పొట్ట మాత్రం పచ్చగా ఉంది.

లేత పచ్చ, చేమాకు వెనకవైపు రంగు. మబ్బు అడుగున, ఆకాశంలో.

తేవాయి నములుతున్నది మింగడం మరిచిపోయింది. దీవి లోపలి మడుగు మీద ఎండ పడితే ఆ రంగు పైకి లేచి మబ్బుకి అంటుకుంటుందని, దీవి కనబడక ముందే దాని మడుగు ఆకాశంలో కనబడుతుందని ఈ మగాళ్ళు కల్లు తాగిన వాళ్ళలా చెప్పుకుంటుంటే ఆమె ఎన్నోసార్లు విన్నది. కోతలనుకుంది.

“నిజమేనా అది?” అంది.

“చూశావా?” అన్నాడు మాహోరు. ఆ మాట అన్నాక, అది అనడం కోసమే ఇంతదూరం వచ్చినట్టనిపించింది.

ఆమె చెయ్యి వచ్చి అతని ముంజేతిని పట్టుకుంది. నలుగురూ ఆ పచ్చటి మబ్బు కిందికి పోయారు. కాసేపటికి నీళ్ళలోంచి కొబ్బరి తలలు లేచాయి.

హివారేకా గట్టు దగ్గరికి చేరేసరికి ఒడ్డు మీద జనం నిలబడి ఉన్నారు. తెరచాప దించారు. పునూవా మాహోరు చెవి దగ్గరికి వచ్చాడు.

“ఒరేయ్, నీ పేరే చెప్పు. ఇక్కడ ఎవరికి తెలుసు? ఆడపిల్ల పేరు చెబితే నవ్వుతారు. నవ్వి, కొట్టుకొచ్చిన వాళ్ళంటారు. పడవ పోతుంది, పిలకలు పోతాయి. చెప్పెయ్యి.”

తేవాయి పడవ పొట్టలో కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది, వినబడనట్టు. మాహోరు పడవ ముందుకి నడిచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఊహించుకున్న దీవి సరిగ్గా ఇలాగే ఉండేది.

“ఎవరి ఊపిరితో వచ్చారు?” అని ఒడ్డు అడిగింది.

“తేవాయి ఊపిరితో!”

గొంతు అతను అనుకున్నంత పెద్దగానే వచ్చింది. ఒడ్డున జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. “తేవాయి ఎవడు?” అని ఎవరో అరిచారు.

“ఎవడు కాదు, నా పెళ్ళాం! ఆ ఊపిరి మా నాన్న వాహితూది. ఆయన ఆమెకిచ్చాడు. మబ్బులో నాకు దారి పోతే, మీ దీవి నీడని ఆమె పట్టుకుంది. నేను తెడ్డు పట్టాను, అంతే!”

నవ్వులు మొదలయ్యాయి. పునూవా కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు జనం మధ్యనుంచి ఒక ముసలావిడ బయటికొచ్చింది. ఆ ఒడ్డుకి ఆవిడ మాటే మాట. నవ్వులు ఆగాయి. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుములోతు నీళ్ళలోకి దిగి, మాహోరుని దాటి, తేవాయి దగ్గర ఆగింది.

తేవాయి కంగారుగా నోరు తుడుచుకుంది. “దగ్గరికి రాకమ్మా, కంపు కొడుతున్నాను.”

ముసలావిడ వినలేదు. ఆమె మెడ వెనక చెయ్యి వేసి వంచి, ముక్కుకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని పొడుగ్గా పీల్చింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. వదిలినప్పుడు ఆవిడ ముడతల ముఖం నవ్వుతోంది.

“వాహితూ” అంది. “ముసలోడా. నాకు పళ్ళున్నప్పుడు వస్తానన్నావు. ఇప్పటికా నీకు తీరిక దొరికింది?”

మాహోరు పడవ అంచు పట్టుకున్నాడు. తుఫాను రోజునుంచి ఎక్కడ ఆగిందో తెలియని ఏడుపు మొత్తం ఒక్కసారి వచ్చేసింది. అందరి ఎదుటా, చిన్నపిల్లాడిలా, నాన్నా నాన్నా అని ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. ముసలావిడ ఒడ్డు వైపు తిరిగి, “పడవ పట్టండి, చూస్తారేంటి? వీళ్ళు కొట్టుకొచ్చిన వాళ్ళు కాదు. గుంటల్లో పెద్ద పిలకలు తవ్వించండి” అని కేకేసింది. జనం నీళ్ళలోకి దూకారు.

మాహోరు కళ్ళు తుడుచుకుని పడవ పొట్టలోకి దిగాడు. తేవాయి అతన్ని చూసి వెనక్కి జరిగింది.

“నువ్వు కూడానా? చెప్పాను కదా, కంపు.”

అతను ఆమె ముఖం రెండు చేతులతో పట్టుకున్నాడు. ముక్కుకి ముక్కు ఆనించాడు. ఉప్పు, పులుపు, ఎండు చేప. ఇన్నాళ్ళూ జానెడు దూరంలో పడుకుని తను అటు తిరిగిపోయిన ఊపిరి. నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ పీల్చాడు.

“అన్నా, అది ఎక్కడికీ పోదు గాని, ముందు ఈ తాడు పట్టు” అని కేహా పైనుంచి అరుస్తున్నాడు. మాహోరు వినిపించుకోలేదు.